చుక్క కూడా కారదు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నాకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ అంటూనే ఉంది. "ఎవరికీ చెప్పకు" అని ఎవరైనా ఒక మాట చెప్తే చాలు, అది ఇంకొకరి చెవిన వేసేదాకా నాకు కడుపుబ్బరం తగ్గదు. మా ఆయన దీనికి పూర్తిగా తలకిందులు. వారమంతా ఆయన మాట్లాడిన మాటలు పోగేసినా ఒక పోస్టుకార్డు నిండదు. అందుకే మా తమ్ముడు ఆయనకి సైలెన్సర్ బావ అనీ, నాకు హారన్ అక్క అనీ పేర్లు పెట్టాడు. మా వర్క్‌షాపుకి వచ్చేపోయేవాళ్లంతా అవే పట్టుకున్నారు. "సైలెన్సర్ ఉన్నాడా?" అని ఇప్పటికీ నన్నే అడుగుతారు. ఆ పేర్లు పెట్టినవాడు మాత్రం లేడు.

మాది రేసుబళ్ల ఇంజన్లు విప్పి కట్టే షాపు. ముందు షట్టరు, లోపల రెండు లిఫ్టులు, వెనక ఇంజన్లు బిగించే గది. ఆ గదిలోకి ఎవరైనా చెప్పులతో వెళ్తే మా ఆయన నోరు తెరుస్తాడు, అదీ "దుమ్ము" అని ఒక్క మాట. ఇంజన్ పని ఆయనది, వైరింగు నాది, బండి తోలేది మా తమ్ముడు. వాడికి ఇంట్లో పేరు తూనీగ. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేవాడు కాదని అమ్మ పెట్టింది. పెళ్లీడు దాటిపోతున్నా అమ్మకి వాడు తూనీగే. నాన్న పోయాక అమ్మా వాడూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. వాడు ట్రాక్ మీద ఉన్నంతసేపూ అమ్మ టీవీ కూడా పెట్టకుండా ఫోన్ పక్కనే కూర్చునేది.

వాడు తోలే బండికొచ్చిన జబ్బు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇంజన్‌లో మంట పిస్టన్ మీద మండుతుంది. పిస్టన్ చుట్టూ ఎంత మంచి రింగులు వేసినా ఆ మంట తాలూకు గాలి కొంత పక్కలనుంచి కిందికి, ఆయిలుండే అరలోకి జారుతుంది. మెకానిక్కులు దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఆ గాలి బయటికి పోవడానికి ఇంజన్ నెత్తిన బ్రీదర్ పైపు ఉంటుంది. రేసుబండికి టర్బో పెట్టి బలం పెంచుతాం కాబట్టి, గాలితోపాటు ఆయిల్ కూడా తుంపరగా కొట్టుకొస్తుంది. దాన్ని పట్టడానికి పైపు చివర ఒక డబ్బా పెడతాం. ఆయిల్ డబ్బాలో ఆగుతుంది, గాలి మూతమీదున్న జాలీలోంచి పోతుంది. డబ్బా నిండితే ఆయిల్ జాలీలోంచి పొంగి రోడ్డు మీద పడుతుంది. ట్రాక్ మీద ఆయిల్ పడితే వెనక వచ్చేవాడు జారి గోడకి కొట్టుకుంటాడు. అందుకని ఆయిల్ కారే బండికి జెండా చూపించి లోపలికి పిలిచేస్తారు.

మా బండికి రింగులు అరిగిపోయాయి. ఆ ఏడాది వాడు తొక్కిన తొక్కుడు అలాంటిది. డబ్బా ఖాళీ చేసి పంపితే నిండిపోయి వచ్చేది. ఆఖరి రేసుకి ముందు రేసులో ఆయిల్ పొంగి, జెండా చూపించి, వాణ్ని అందరి ముందూ లోపలికి పిలిచారు. "ఈసారి చుక్క కారినా సీజన్ నుంచి తీసేస్తాం" అని చెకింగ్ వాళ్లు మొహం మీదే చెప్పారు. పాయింట్లలో మావాడే ముందున్నాడు. ఇంకొక్క రేసే మిగిలింది. అది గెలిస్తే ఒక పెద్ద టీమువాళ్లు వాణ్ని తీసుకుంటామన్నారు.

"ఇంజన్ దించాలి," అన్నాడు మా ఆయన.

"దించితే టైముకి ఎక్కదు బావా. రింగులు తెప్పించేసరికి రేసైపోతుంది."

"అయిపోనీ."

"ఇదిగో, ఇంజన్ దించావంటే మా అక్కని పుట్టింటికి తీసుకుపోతా."

"తీసుకుపో. చెవులు కాస్త తెరిపినపడతాయి," అన్నాడు మా ఆయన. అంత పొడుగు జోకు ఆయన జన్మలో వేయలేదు. వాడు టైర్ల మీద పడి దొర్లి నవ్వాడు. నాకు ఒళ్లు మండి చేతిలో ఉన్న టేపు చుట్ట విసిరాను. ఆ నవ్వుల్లోనే మా ఆయన మెత్తబడ్డాడు. పెద్ద డబ్బా ఒకటి చేస్తాననీ, టర్బో బలం తగ్గిస్తాననీ, డబ్బా నిండుతోందనిపిస్తే తనే లోపలికి పిలుస్తాననీ, పిలిస్తే మారుమాట్లాడకుండా రావాలనీ అన్నాడు. వాడు నెత్తిమీద చెయ్యి పెట్టుకుని సరేనన్నాడు.

ఇంకో సంగతి చెప్పాలి. రేసుకి ముందు ఇంజన్ కడిగి తుడిచి పంపడం మా షాపు అలవాటు. జిడ్డుగా ఉంటే ఎక్కడ కారుతోందో కనపడదు. కడిగేటప్పుడు బ్రీదర్ పైపులోకి నీళ్లు పోకుండా మా ఆయన లేతు మీద చెక్కిన రబ్బరు బిరడా ఒకటి పెడతాడు. ఆ బిరడాకి బారెడు ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. గుడ్డ రెండో కొస తెచ్చి స్టీరింగ్‌కి ముడివేస్తాడు. గుడ్డ స్టీరింగ్‌కి ఉన్నంతసేపూ ఆ బండి తాళం ఎవరూ ముట్టుకోకూడదు. పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి మా షాపులో చెప్పే మొదటి మాట ఇదే. మా తమ్ముడికీ ఇదే చెప్పాం.

రేసు రోజు పొద్దున ట్రాక్ దగ్గర మా ఆయన ఇంజన్ కడిగాడు. చెకింగ్ వాళ్లు వచ్చి బానెట్ కింద చూసి, కొత్త డబ్బా చూసి, తలూపి వెళ్లారు. నేను హెడ్‌సెట్ పెట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. వాడితో మాట్లాడేది నేనే. మా ఆయన నా పక్కన నిలబడి, వాడు ఎదురుగా పోయినప్పుడల్లా బండి వెనక రోడ్డు చూసేవాడు. రోడ్డు పొడిగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూశారా? చుక్క లేదు! మీ డబ్బా భలే పనిచేస్తోంది," అన్నాను.

ఆయన మొహం వికసించలేదు సరికదా, ఇంకా ముడుచుకుపోయింది. "పొగ కూడా లేదేంటి?" అన్నాడు. అరిగిన రింగుల బండి, జాలీలోంచి సన్నటి నీలం పొగైనా రావాలి. వాడు మళ్లీ ఎదురుగా దూసుకుపోయాడు. పొగ లేదు. మా ఆయన నా భుజం పట్టుకుని గట్టిగా ఊపాడు. "పిలు! లోపలికి పిలు!"

"తూనీగా, లోపలికి వచ్చెయ్. బావ రమ్మంటున్నాడు."

"ఎందుకక్కా? బ్రహ్మాండంగా ఉంది! ఈ ఒక్క రౌండూ కొట్టి వచ్చేస్తా," అన్నాడు. నవ్వుతున్నాడు. ఇంజన్ హోరులో కూడా నాకు వాడి నవ్వు వినపడింది.

కుక్కర్ మీద వెయిట్‌ని చేత్తో అదిమిపట్టి కింద మంట పెంచితే ఏమవుతుంది? అదే అయింది. పోయే దారి లేక లోపల గాలి ఉబ్బి, ఆయిల్‌ని ఆపే సీళ్లు తన్నేసి, ఎర్రగా కాలుతున్న టర్బో మీద ఆయిల్ చిమ్మింది. దూరపు మలుపు దగ్గర ముందు తెల్లటి పొగ లేచింది, తర్వాత మంట. మా ఆయన గోడ దూకి పరిగెత్తాడు. ఆ మనిషి పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. మంటలార్పేవాళ్ల కంటే ముందు చేరి, వట్టి చేతులు లోపల పెట్టి, బెల్టులు విప్పి వాణ్ని బయటికి లాగాడు. నేను హెడ్‌సెట్‌లో వాడి పేరు పిలుస్తూనే ఉన్నాను. నన్నెవరో పట్టుకుని ఆ హెడ్‌సెట్ తీసేశారు.

వాణ్ని కాలినవాళ్ల వార్డులో పెట్టారు. గొంతులో గొట్టం, మొహం నిండా కట్లు. అద్దం అవతల నుంచి చూడాలి. డాక్టరమ్మ వచ్చి ఊపిరితిత్తుల్లోకి పొగ పోయిందని చెప్పింది, ఆశ పెట్టుకోవద్దని మాత్రం నోటితో అనలేదు. అమ్మ బెంచీ మీద కూర్చుని కాళ్లు ఊపుతూ ఉంది. ఏడవలేదు. తినమంటే తినలేదు, పడుకోమంటే పడుకోలేదు. కళ్లు ఎక్కడో పెట్టుకుని కాళ్లు ఊపుతూనే ఉంది. నాకు వాడి కంటే అమ్మని చూస్తేనే భయమేసింది.

మర్నాడు చెకింగ్ వాళ్లు షాపుకి వచ్చి కాలిన బండి చూశారు. బ్రీదర్ పైపులో మా రబ్బరు బిరడా ఉంది. మా ఆయన రెండు చేతులకీ కట్లతో నిలబడి, "కడిగేటప్పుడు పెట్టాను. తీయడం మర్చిపోయాను," అని చెప్పాడట. సాయంత్రం ఆసుపత్రికి వచ్చి అదే మాట అమ్మ ముందు చెప్పాడు.

అమ్మ కాళ్లు ఊపడం ఆగిపోయింది. లేచి ఆయన చొక్కా పట్టుకుంది. "నా బిడ్డని పొట్టన పెట్టుకున్నావు కదరా! నీకు పిల్లనిచ్చానే, నా కొడుకుని నీ చేతుల్లో పెట్టానే! నీ చేతులు కాలితే సరిపోయిందా, నువ్వు మొత్తం కాలిపోలేదేం?" అని వార్డంతా దద్దరిల్లేలా అరిచింది. అరిచి అరిచి, ఏడ్చి ఏడ్చి, సొమ్మసిల్లి నా ఒళ్లో పడి నిద్రపోయింది. మా ఆయన చొక్కా గుండీలు తెగిపోయి అలాగే నిలబడ్డాడు. నేనూ ఆయన మొహం చూడలేదు.

నాలుగు రోజులకి వాడు పోయాడు. కళ్లు తెరవలేదు, ఒక్క మాట చెప్పలేదు.

తర్వాత మా ఇంట్లో మాటలు లేవు. మాట్లాడకపోవడం ఆయనకి కొత్త కాదు, నాకు కొత్త. కంచం ఆయన ముందు తోసి వెళ్లిపోయేదాన్ని. ఇన్నేళ్లు ఎర్రగుడ్డ ఎర్రగుడ్డ అని అందరి ప్రాణాలూ తోడిన మనిషి నా తమ్ముడి బండికే గుడ్డ కట్టకుండా మర్చిపోతాడా అని లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని. ఆయన రాత్రిళ్లు షాపులోనే పడుకోవడం మొదలుపెట్టాడు. పడుకోనీ, నాకేం అనుకున్నాను. అమ్మ దగ్గరికి రోజూ వెళ్లేదాన్ని. ఆవిడ పొద్దున లేస్తూనే అల్లుణ్ని తిట్టడం మొదలుపెట్టేది. తిట్టాక కాస్త తినేది. తిడుతూనే వాడి బట్టలు మడతలు పెట్టుకునేది.

ఒకరోజు అమ్మ వాడి రేసు సంచీ నాకిచ్చింది. "దీన్ని చూస్తే నా వల్ల కావట్లేదే, పట్టుకుపో," అంది. షాపుకి తెచ్చి విప్పాను. హెల్మెట్ తుడిచే గుడ్డ, నీళ్ల సీసా, సగం తిన్న చాక్లెట్టు. అడుగున ఇంకో చేతితొడుగుల జత. ఒక తొడుగులో ఏదో కుక్కి ఉంది. లాగితే ఎర్రగుడ్డ వచ్చింది.

బారెడు ఎర్రగుడ్డ. ఒక కొసన మా ఆయన ముడి మడతలు ఇంకా ఉన్నాయి. రెండో కొస, బిరడాకి కట్టి ఉండే కొస, కత్తితో నున్నగా కోసి ఉంది.

అక్కడే నేల మీద కూలబడ్డాను. అప్పుడు గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. ఇన్నేళ్లు ఆ షాపులో ఉన్నదాన్ని, కోపంతో కళ్లు మూసుకుపోయి ఆలోచించలేదు. కడగడానికి పెట్టే బిరడా వదులుగా ఉంటుంది. బండి తొక్కగానే లోపలి గాలి తన్ని అది ఎగిరి పడాలి. మర్చిపోయిన బిరడా ఎవర్నీ చంపదు. లోపలుండిపోయిందంటే ఎవరో దాన్ని కదలకుండా బిగించారు. చుక్క కారకూడదని బిగించారు.

గుడ్డ పట్టుకుని వెనక గదిలోకి వెళ్లాను, చెప్పులతోనే. మా ఆయన దుమ్మనలేదు. నా చేతిలో గుడ్డ చూశాడు.

"మీరు తీశారు కదా బిరడా?" అన్నాను.

తలూపాడు. "తీసి పనిముట్ల డబ్బాలో వేశాను."

"మరి మీరే పెట్టారని ఎందుకు చెప్పారు? అమ్మ మిమ్మల్ని చొక్కా పట్టుకుని, అంతమంది ముందు... నేను కూడా మిమ్మల్ని... నోరెందుకు విప్పలేదండీ?"

ఆయన నట్లు వేసుకునే సీసా తీసి, అడుగునుంచి ఒక పైపు క్లిప్పు తీసి బల్లమీద పెట్టాడు. మసిపట్టిన చిన్న స్టీలు పట్టీ, స్క్రూ చివరిదాకా బిగించి ఉన్న గుర్తు. ఆసుపత్రిలో చేతులకి కట్లు కట్టించుకుని, ఆ రాత్రే షాపుకి వచ్చి బానెట్ ఎత్తి, కట్ల చేతులతో దాన్ని విప్పాడట. చెకింగ్ వాళ్లు చూసేలోపు.

"వాడే చేసుకున్నాడని తెలిస్తే," అన్నాడు, "అత్తయ్య ఎవర్ని తిట్టాలి?"

"అలాగని మిమ్మల్ని తిట్టాలా?"

"బెంచీ మీద ఎలా కూర్చుందో చూశావుగా. నన్ను తిట్టాకే నిద్రపోయింది."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. చచ్చినవాడి మీద కోపం. నెత్తిమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసి, పక్కకి తిరిగి క్లిప్పు బిగించిన వెధవ మీద కోపం. బతికుంటే చెంప పగలగొట్టేదాన్ని. ఆయన చేతులు పట్టుకున్నాను. కట్లు విప్పేశారు కానీ వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవు, చర్మం గులాబీరంగులో మెరుస్తోంది. ఇంజన్ లోపలి సన్నపని ఆ వేళ్లతో ఇక చేయలేడు. ఆ చేతులు పోగొట్టుకుని, పైగా హంతకుడని అనిపించుకుంటూ, నోరు మూసుకుని కూర్చున్నాడు.

"నా వల్ల కాదండీ. రేపే వెళ్లి అమ్మకి చెప్పేస్తా. మిమ్మల్ని ఒక్క మాట అననివ్వను."

"మీ అమ్మ. నీ ఇష్టం," అన్నాడు.

నేను వెళ్లక్కర్లేకపోయింది. మర్నాడు పొద్దున షట్టరు ఎత్తుతుంటే అమ్మే వచ్చింది. ఆ షాపు గుమ్మం తొక్కనని అందరి ముందూ అన్న మనిషి. జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేదు. వైరింగు బల్ల దగ్గర స్టూలు వేశాను. మా ఆయన అమ్మని చూసి వెనక గదిలోకి తప్పుకున్నాడు. నేను చెప్పాల్సిన మాట నాలుక చివర పెట్టుకుని, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలా అని చూస్తున్నాను.

"నిన్నొకటి అడగాలే," అంది అమ్మ. గొంతు బాగా తగ్గించింది. "ఎవరికీ చెప్పకు."

"చెప్పమ్మా."

"ఆ రోజు పొద్దున వాడు నాకు ఫోన్ చేశాడు. 'అమ్మా, ఈసారి చుక్క కూడా కారదు చూడు, నేనే ఒక ఉపాయం చేశా, బావకి చెప్పకు, తిడతాడు' అన్నాడు. నేనేమో, 'నువ్వు తెలివైనవాడివిరా, నేనెందుకు చెప్తాను, గెలిచి రా' అన్నాను." అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "రాత్రి నుంచీ అదే మాట చెవిలో తిరుగుతోందే. ఏం ఉపాయం చేశాడు? ఆ బిరడా వాడే పెట్టుకున్నాడా? నేను అప్పుడే మీ ఆయనకి ఒక్క ఫోన్ చేసుంటే... నిజం చెప్పు. నేనే వాణ్ని పంపించానా?"

నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. ఎర్రగుడ్డ నా జేబులోనే ఉంది. తీసి బల్లమీద పెడితే చాలు, మా ఆయన నిర్దోషి అయిపోతాడు. వెనక గది తలుపు తీసే ఉంది. అక్కడ కొళాయి నీళ్ల చప్పుడు ఆగిపోయింది. అమ్మ కాళ్లు చూశాను. స్టూలు మీద ఊపుతోంది, ఆసుపత్రి బెంచీ మీద ఊపినట్టే.

"నువ్వు పంపడమేంటమ్మా, నీకేమైనా పిచ్చా?" అన్నాను గట్టిగా. "ఆ బిరడా ఆయనే పెట్టాడు. కడిగి, తీయడం మర్చిపోయాడు."

"మరి ఉపాయమన్నాడే?"

"డబ్బా లోపల ఇంత దూది కుక్కాడు, ఆయిల్ పీల్చుకుంటుందని. వాడి మొహం, అదా ఉపాయం! దానివల్ల ఏమీ కాలేదు. చేసిందంతా మీ అల్లుడే."

అమ్మ నా కళ్లలోకి చూసింది. చాలాసేపు చూసింది. నేను రెప్ప వేయలేదు.

"నిజమేలే," అంది చివరికి. "నీ నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వు దాచలేవు."

కాళ్లు ఊపడం ఆగింది. ఒళ్లంతా వదులై స్టూలు మీద ఒక్కసారిగా కుంగింది. అప్పుడు ఏడ్చింది, వాడు పోయినరోజు ఏడ్చినట్టు పెద్దగా ఏడ్చింది. ఏడుస్తూనే అల్లుణ్ని తిట్టడం మొదలుపెట్టింది. ఆయన వంశం మీద, ఆయన చేతుల మీద, ఆయన్ని అల్లుడిగా తెచ్చుకున్న రోజు మీద. నేను ఆవిడ వీపు నిమురుతూ, "అవునమ్మా," అంటూ కూర్చున్నాను.

ఏడ్చి ఏడ్చి అమ్మకి పొలమారింది. మా ఆయన వెనక గదిలోంచి గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చాడు. వేళ్లు ముడుచుకోక రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తెచ్చాడు.

"వాడి చేతి నీళ్లు నాకొద్దు," అంది అమ్మ.

ఆయన గ్లాసు బల్లమీద పెట్టి, చప్పుడు చేయకుండా వెనక గదిలోకి వెళ్లిపోయాడు. నేను ఆ గ్లాసే తీసి అమ్మకి అందించాను. గటగటా తాగేసి, ఇంకొన్ని తెమ్మంది.